లెక్క మొదలవకముందే జరిగిపోయే తీర్పు

నూరేళ్ల తర్వాత జరగబోయే 100 యూనిట్ల నష్టాన్ని ఆపడానికి ఈరోజు ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు? వాతావరణ మార్పు మీద అర్థశాస్త్రవేత్తల మధ్య నడిచిన పెద్ద తగువు చాలావరకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. 2006లో బ్రిటన్ ప్రభుత్వం కోసం నికొలస్ స్టెర్న్ తయారుచేసిన నివేదికలోని విలువలతో లెక్క కడితే జవాబు దాదాపు 25. అమెరికా అర్థశాస్త్రవేత్త విలియం నార్డ్‌హాస్ తన నమూనాలో వాడిన విలువలు పెడితే 2 కూడా రాదు. ఇద్దరూ వాడింది ఒకటే సూత్రం. కూడికలో ఎవరూ పొరబడలేదు.

ఆ సూత్రానికి మూలం 1928లో ఫ్రాంక్ రామ్సే రాసిన వ్యాసం. భవిష్యత్తు విలువను ఏటా ఎంత శాతం తగ్గించి చూడాలో చెప్పే డిస్కౌంట్ రేటు అందులో రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక ప్రయోజనం ఆలస్యంగా అందుతుందన్న ఒకే ఒక్క కారణానికి ఎంత తగ్గించాలన్నది మొదటి ముక్క. దీన్ని కాలాభిమతం అందాం. రెండో ముక్క వృద్ధి రేటును మరో సంఖ్యతో గుణిస్తే వస్తుంది. రాబోయే తరాలు మనకంటే కలిగినవాళ్లు అవుతారనుకుంటే, వాళ్ల చేతికి అదనంగా వచ్చే ఆదాయం వాళ్లకి చేసే మేలు మనకి చేసేదానికంటే తక్కువ. ఎంత తక్కువ అన్నదే ఆ సంఖ్య చెబుతుంది. దీన్ని గుణకం అందాం.

స్టెర్న్ కాలాభిమతాన్ని 0.1 శాతం అన్నాడు, గుణకాన్ని 1 అన్నాడు, వృద్ధి 1.3 శాతం అనుకున్నాడు. మొత్తం 1.4 శాతం. 1.014ని నూరుసార్లు గుణిస్తే 4.02 వస్తుంది. 100ని దానితో భాగిస్తే 24.9. నార్డ్‌హాస్ కాలాభిమతం 1.5 శాతం, గుణకం 2. పోలిక సరిగ్గా ఉండాలని వృద్ధిని ఇక్కడా 1.3 దగ్గరే ఉంచితే (ఆయన సొంత అంచనా ఇంకాస్త ఎక్కువ) రేటు 4.1 శాతం అవుతుంది. 1.041ని నూరుసార్లు గుణిస్తే 55.6. 100ని భాగిస్తే 1.8. రెండంటే రెండు అంకెలు మారాయి, మన మునిమనవళ్ల నష్టం పదమూడు పధ్నాలుగు రెట్లు చిన్నదైపోయింది.

ఆ రెండు అంకెలూ ఎక్కడి నుంచి వచ్చాయి? ఇంకా పుట్టలేదన్న కారణంతో ఒక మనిషి బాగోగులకి తక్కువ విలువ కట్టడం తప్పని స్టెర్న్ వాదం. 0.1 కూడా ఎందుకు పెట్టాడంటే, ఏదో విపత్తులో మానవజాతే మిగలకపోయే అవకాశాన్ని లెక్కలోకి తీసుకోవడానికి. ఏటా 0.1 శాతం అంటే నూరేళ్లలో దాదాపు 9.5 శాతం. నార్డ్‌హాస్ వాదం వేరు. మార్కెట్లో పెట్టుబడికి వస్తున్న రాబడిని చూడండి, మనుషులు రేపటిని ఇవాళ్టితో ఎలా బేరీజు వేస్తున్నారో అదే చెబుతుంది, దానికి పొంతన లేని రేటు పెడితే అది విశ్లేషకుడు జనం నెత్తిన తన నీతిని రుద్దడమే అవుతుంది అంటాడు.

నాకు స్టెర్న్ వైపు మొగ్గు ఉంది. మార్కెట్లో కనిపించే వడ్డీ రేటు బతికున్నవాళ్లు తమ డబ్బుతో తాము చేసుకునే బేరాన్ని చూపిస్తుంది. పుట్టబోయేవాళ్లకి ఆ బేరంలో చోటు లేదు. అయితే స్టెర్న్ అంకెలు కూడా మచ్చలేనివి కావు. అర్థశాస్త్రవేత్త పార్థ దాస్‌గుప్తా వెంటనే ఒక లోపం పట్టుకున్నాడు. గుణకం 1 అనీ, కాలాభిమతం 0.1 శాతం అనీ నిజంగా నమ్మితే, రాబడి 4 శాతం ఉన్న ఒక సరళ నమూనాలో ఈ తరం తన ఉత్పత్తిలో 97.5 శాతం పొదుపు చేసి రాబోయే తరాలకి వదిలిపెట్టాలని తేలుతుంది. పేద తరం పస్తులుండి కలిగిన తరానికి కూడబెట్టమన్నట్టే కదా. తక్కువ రేటు పెట్టినంత మాత్రాన న్యాయం జరిగిపోదు, గుణకం కూడా ఎంతో కొంత పెరగాలి అన్నది దాస్‌గుప్తా చెప్పినదాని సారం.

ఇదంతా నైతిక చర్చ, అది కూడా మంచి చర్చ. నా అభ్యంతరం వేరేచోట ఉంది. ఈ చర్చ నివేదిక అనుబంధంలో ఎక్కడో ఉంటుంది. పత్రికల్లోకీ మంత్రుల బల్లల మీదకీ వెళ్లేది ఆఖరి అంకె: కర్బనం మీద పన్ను టన్నుకి ఇంత ఉండాలి అని. ఆ అంకె ఉష్ణోగ్రతను కొలిచినట్టు కొలిస్తే వచ్చినదనుకుని చదువుతారు జనం.

అర్థశాస్త్రం ఇలా తన తీర్పుల్ని లోపల పెట్టుకుని మాట్లాడటం ఎప్పుడు మొదలైంది అని వెతికితే 1932 దగ్గర ఆగాలి. ఆ ఏడాది లయొనెల్ రాబిన్స్ ఇచ్చిన నిర్వచనమే నేటికీ పాఠ్యపుస్తకాల మొదటి అధ్యాయంలో ఉంటుంది. లక్ష్యాలు అనేకం, వనరులు కొరత, ఒక్కో వనరుకీ ప్రత్యామ్నాయ ఉపయోగాలు. ఈ మూడింటి మధ్య మనిషి ప్రవర్తనను చదివేదే అర్థశాస్త్రం. ఏ లక్ష్యం మంచిదో చెప్పడం దాని పని కాదు. అక్కడితో ఆగకుండా రాబిన్స్ ఇంకో మాట అన్నాడు. ఒకరి సంతృప్తిని ఇంకొకరి సంతృప్తితో పోల్చడం శాస్త్రానికి సాధ్యంకాని పని అని. ఈ రెండో మాట తెచ్చిన చిక్కు చిన్నది కాదు. దాదాపు ఏ ప్రభుత్వ నిర్ణయమైనా కొందరికి లాభం, కొందరికి నష్టం. పోల్చకూడదంటే అర్థశాస్త్రవేత్త నోరు విప్పడానికే వీల్లేదు.

1939లో నికొలస్ కాల్డార్, జాన్ హిక్స్ ఒక దారి చూపించారు. లాభపడినవాళ్లు నష్టపోయినవాళ్లకి పూర్తిగా పరిహారం ఇచ్చి, ఆపైన కూడా తమకి కొంత మిగుల్చుకోగలిగితే ఆ మార్పు మంచిదే. ఇక్కడ కీలకం "ఇవ్వగలిగితే" అన్న మాట. ఇవ్వాలని లేదు. రెండేళ్లకే, 1941లో, టైబర్ సిటోవ్‌స్కీ ఈ పరీక్షలోని లొసుగు బయటపెట్టాడు: కొన్ని సందర్భాల్లో ఒక మార్పూ ఈ పరీక్షలో నెగ్గుతుంది, దాన్ని వెనక్కి తిప్పడమూ నెగ్గుతుంది. అయినా నేటి వ్యయ-ప్రయోజన విశ్లేషణకి పునాది ఇదే.

దీన్ని దగ్గరగా చూద్దాం. ఒక రహదారి వేస్తున్నారు. మధ్యస్థ ఆదాయానికి నాలుగు రెట్లు సంపాదించేవాళ్లకి దానివల్ల 120 యూనిట్ల లాభం, మధ్యస్థ ఆదాయంలో సగం మాత్రమే ఉన్నవాళ్లకి 80 యూనిట్ల నష్టం. మామూలు లెక్కలో నికర లాభం 40, ప్రాజెక్టు నెగ్గింది. ఇప్పుడు అదే లెక్కలో ఆదాయాన్ని బట్టి బరువులు వేద్దాం. బ్రిటన్ ఆర్థిక శాఖ తన మదింపు మార్గదర్శిలో ఇలాంటి బరువులకి 1.3 అనే గుణకాన్ని ఇస్తుంది. సగం ఆదాయం ఉన్నవాళ్ల ఒక యూనిట్‌కి 2ని 1.3 ఘాతానికి పెంచితే వచ్చే 2.46 బరువు. నాలుగు రెట్ల ఆదాయం ఉన్నవాళ్ల యూనిట్‌కి 0.165. లాభం 120 కాస్తా 19.8 అయింది. నష్టం 80 కాస్తా 197 అయింది. అదే రహదారి ఇప్పుడు 177 నష్టంలో ఉంది.

బరువులు వేయకపోతే లెక్క తటస్థంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. బరువు వేయకపోవడమంటే అందరికీ 1 అనే బరువు వేయడమే. పేదవాడి చేతిలోని యూనిట్, ధనికుడి చేతిలోని యూనిట్ సరిగ్గా ఒకే మేలు చేస్తాయన్న తీర్పు అందులోనే ఉంది. పైగా ఆ 80 అన్న అంకె కూడా నష్టపోయేవాళ్లు ఎంత చెల్లించడానికి సిద్ధపడతారు అన్నదాన్ని బట్టి వచ్చినదైతే, దాని మీద వాళ్ల జేబు నీడ అప్పటికే పడి ఉంటుంది. చెల్లించలేనివాడు తక్కువ చెప్తాడు, తక్కువ కోల్పోయినట్టు నమోదవుతుంది.

దీనికి సంప్రదాయవాదుల జవాబు కొట్టిపారేయదగ్గది కాదు. ప్రాజెక్టుల్ని మొత్తం లాభాన్ని బట్టి ఎంచుకోండి, పంపకాల సంగతి పన్నులూ సంక్షేమ పథకాలూ చూసుకుంటాయి, ప్రతి వంతెన దగ్గరా న్యాయం వెతికితే రెండూ చెడతాయి అంటారు. ఆ పంపకం నిజంగా జరిగే చోట ఈ వాదన బలమైనదే. జరగని చోట మొదటి సగాన్ని మాత్రం అమలు చేసినట్టు. కాబట్టి నివేదిక చదివేటప్పుడు పరిహారం ఏ పద్దు కింద, ఎప్పుడు, ఎవరి ఖాతాలోకి వెళ్తుందో రాసి ఉందా అని చూడాలి. లేకపోతే ఆ నికర లాభం లాభపడేవాళ్ల నికర లాభమే.

తీర్పు దాగేచోట్లు డిస్కౌంట్ రేటు, బరువులు మాత్రమే కాదు. సగటు తీసే పద్ధతిలోనూ దాగుతుంది. అందుకు 2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెనెత్ రోగాఫ్ ప్రచురించిన పత్రం కంటే మంచి ఉదాహరణ దొరకదు. 20 సంపన్న దేశాలు, 1946 నుంచి 2009 వరకు. ప్రభుత్వ రుణం జీడీపీలో 90 శాతం దాటిన ఏళ్లలో సగటు వృద్ధి మైనస్ 0.1 శాతం అని వాళ్లకి తేలింది. ఆర్థిక సంక్షోభం తర్వాత ప్రభుత్వ ఖర్చు తగ్గించాలని అమెరికాలో, ఐరోపాలో పట్టుబట్టినవాళ్లు ఈ 90 శాతం గీతను మళ్లీ మళ్లీ చూపించారు. 2013లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం ఆమ్‌హర్స్ట్ విద్యార్థి థామస్ హెర్న్‌డన్, తన అధ్యాపకులు మైఖేల్ ఆష్, రాబర్ట్ పోలిన్‌లతో కలిసి అసలు ఎక్సెల్ ఫైలు తెప్పించుకుని మళ్లీ లెక్కకట్టాడు. మైనస్ 0.1 రావాల్సిన చోట 2.2 వచ్చింది.

జనానికి గుర్తున్నది ఎక్సెల్ తప్పు. సగటు తీసే ఫార్ములా ఎల్ 30 గడి నుంచి ఎల్ 49 దాకా పోవాల్సింది, ఎల్ 44 దగ్గర ఆగింది. ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియం, కెనడా, డెన్మార్క్ జారిపోయాయి. కానీ ఆ పొరబాటు ఒక్కదానివల్ల వచ్చిన తేడా 0.3 శాతం పాయింట్లే. అసలు కథ న్యూజిలాండ్ వరుసలో ఉంది.

న్యూజిలాండ్‌లో రుణం 90 శాతం దాటిన ఏళ్లు ఐదు, 1946, 1947, 1948, 1949, 1951. ఆ ఏళ్ల వృద్ధి వరుసగా 7.7, 11.9, మైనస్ 9.9, 10.8, మైనస్ 7.6. సగటు 2.58. పత్రంలోని లెక్కలో మొదటి నాలుగేళ్లు లేవు. మిగిలింది 1951 ఒక్కటే. పైగా పద్ధతి ఏమిటంటే, ముందు ఒక్కో దేశానికీ దాని ఏళ్ల సగటు తీసి, తర్వాత దేశాల సగటు తీయడం. రుణం 90 శాతం దాటిన ఏళ్లున్న దేశాల్లో ఫార్ములాలో మిగిలినవి ఏడు. అంటే న్యూజిలాండ్‌లో ఒకే ఒక్క చెడ్డ ఏడాదికి ఏడో వంతు బరువు. బ్రిటన్ 19 ఏళ్లపాటు సగటున 2.4 శాతం పెరిగితే దానికీ అదే ఏడో వంతు. మైనస్ 7.6 బదులు 2.58 పెట్టి చూస్తే, ఈ ఒక్క వరుస వల్ల మొత్తం సగటు దాదాపు 1.45 పాయింట్లు మారుతుంది.

దేశానికి ఒక ఓటు అన్న పద్ధతిని సమర్థించుకోవచ్చు. ఒకే దేశంలోని 19 ఏళ్లు 19 వేర్వేరు సాక్ష్యాలు కావు, ఒకదాని ప్రభావం ఇంకోదాని మీద ఉంటుంది. ఏడాదికి ఒక ఓటు అన్నా సమర్థించుకోవచ్చు. ఎంపిక అది. దాన్ని పత్రంలో ఒక వాక్యంలో చెప్పి, రెండు పద్ధతుల్లోనూ ఫలితం పక్కపక్కన పెట్టి ఉంటే, 90 దగ్గర గీత అంత నిటారుగా లేదని ఎవరికైనా తెలిసేది. రుణం పెరగడం వల్ల వృద్ధి పడిపోయిందా, వృద్ధి పడిపోవడం వల్ల రుణం పెరిగిందా అన్న పాత ప్రశ్న ఎలాగూ ఉంది. జీడీపీ భిన్నం కింద ఉంటుంది కాబట్టి, అది పడిపోతే కొత్తగా ఒక్క పైసా అప్పు చేయకపోయినా నిష్పత్తి పెరుగుతుంది. రచయితలిద్దరూ ఎక్సెల్ తప్పు ఒప్పుకున్నారు, మిగతా పద్ధతిని సమర్థించుకున్నారు. ఈలోగా నిర్ణయాలు జరిగిపోయాయి.

అర్థశాస్త్రాన్ని విమర్శించేవాళ్లు తరచూ తప్పు చోట కొడతారని కూడా చెప్పాలి. గణితం ఎక్కువైపోయిందన్న ఫిర్యాదు నాకు ఎప్పుడూ సరిగ్గా అనిపించలేదు. పైన చూసిన తీర్పులన్నీ గణితం వల్లే బయటపడ్డాయి. మాటల్లో రాసి ఉంటే పట్టుకోవడం ఇంకా కష్టమయ్యేది. ఈ శాస్త్రం మనుషుల్ని స్వార్థపరులుగా మాత్రమే చూస్తుందన్న విమర్శ కూడా ఇవాళ పరిశోధనకి పెద్దగా వర్తించదు. మొదటి ఏడాది పాఠానికి మాత్రం వర్తిస్తుంది. చిక్కేమిటంటే, అధికారంలోకి వచ్చేవాళ్లలో, సంపాదకీయాలు రాసేవాళ్లలో ఎక్కువమంది చదివింది ఆ మొదటి ఏడాదే.

కనీస వేతనం సంగతి చూడండి. మొదటి ఏడాది బొమ్మలో గిరాకీ గీత కిందికి వాలుతుంది, వేతనం పైకి జరిపితే ఉద్యోగాలు తగ్గుతాయి, ఇతర పరిస్థితులు యథాతథంగా ఉంటే. 1992 ఏప్రిల్ 1న అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం గంటకి 4.25 డాలర్ల కనీస వేతనాన్ని 5.05కి పెంచింది. పక్కనే ఉన్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ ఆ రెండు చోట్లా 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలని పెంపుకి ముందొకసారి, ఆ ఏడాది చివర్లో ఇంకోసారి వాకబు చేశారు. ఇద్దరు పార్ట్‌టైమ్ వాళ్లని ఒక పూర్తి ఉద్యోగిగా లెక్కేస్తే, న్యూజెర్సీలో దుకాణానికి సగటున 20.44 మంది నుంచి 21.03కి పెరిగారు. పెన్సిల్వేనియాలో 23.33 నుంచి 21.17కి తగ్గారు. 0.59 లోంచి మైనస్ 2.16 తీసేస్తే 2.75. వేతనం పెంచినచోట ఉద్యోగాలు పోలికలో పెరిగాయి.

ఈ తీసివేతను రెండుసార్లు చూడాలి. న్యూజెర్సీలో పెరిగింది అర మనిషి కంటే కాస్త ఎక్కువ. ఫలితం బరువంతా పెన్సిల్వేనియా తగ్గుదల మీద ఉంది. వేతనం పెంచకపోయి ఉంటే న్యూజెర్సీ కూడా పెన్సిల్వేనియా లాగే పడిపోయేదన్న ఊహ మీద ఈ లెక్క నిలబడింది. ఆ ఊహ తప్పితే 2.75 కూడా తప్పుతుంది. డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ జీతాల రికార్డులతో మళ్లీ చూసి ఉద్యోగాలు తగ్గాయన్నారు. కార్డ్, క్రూగర్ 2000లో ప్రభుత్వ రికార్డులతో తిరిగి చూసి, పెద్ద ప్రభావం ఏమీ లేదన్నారు. ఈ వాదం పూర్తిగా ముగియలేదు. కానీ ఒక మంచి జరిగింది. గీత బొమ్మ చూపించి ఇంతే అనడం కుదరకుండా పోయింది. యజమానికి వేతనం నిర్ణయించే శక్తి ఉన్నచోట, ఒక హద్దు వరకు కనీస వేతనం పెంచినా ఉద్యోగాలు తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు. జోన్ రాబిన్సన్ 1933లోనే మోనాప్సనీ అని పేరుపెట్టి వివరించిన సంగతే ఇది. అరవై ఏళ్లు అది పుస్తకం చివర్లో ఒక ప్రత్యేక సందర్భంగా పడి ఉంది. కార్డ్‌కి 2021లో నోబెల్ వచ్చింది. క్రూగర్ అప్పటికి రెండేళ్ల ముందే చనిపోయాడు.

పొలానికీ ఊరికీ వెళ్లి చూడటం సిద్ధాంతాన్ని ఎలా మారుస్తుందో ఎలినార్ ఆస్ట్రమ్ పని ఇంకా బాగా చూపిస్తుంది. అందరిదైన పచ్చికబయలును ఎవరికి వారు మేపుకుని నాశనం చేస్తారు, అందుకని అయితే ప్రభుత్వం చేతిలో పెట్టాలి లేదా ముక్కలు చేసి అమ్మాలి అన్నది 1968 నుంచి బాగా ప్రచారంలోకి వచ్చిన మాట. స్విట్జర్లాండ్ కొండల్లోని టోర్బెల్ గ్రామంలో 1517 నాటి ఒక నియమాన్ని ఆమె ఎత్తిచూపింది: చలికాలమంతా తన మేతతో ఎన్ని ఆవుల్ని సాకగలడో అంతకు మించి ఎవడూ వేసవిలో కొండ మీదికి తోలకూడదు. ఎన్ని ఆవులు తోలారో లెక్కపెట్టడం తేలిక, ఎన్నింటిని సాకగలడో ఊరందరికీ తెలుసు. జరిమానా వేసే ఊరి అధికారికి అందులో సగం దక్కుతుంది కాబట్టి అతను కళ్లు మూసుకోడు. ప్రభుత్వం లేదు, అమ్మకం లేదు, పచ్చిక ఉంది. 2009లో ఆమెకి అర్థశాస్త్ర నోబెల్ వచ్చినప్పుడు, 1969లో మొదలైన ఆ బహుమతి ఒక స్త్రీకి దక్కడం అదే మొదటిసారి. ఆమె చదివింది రాజనీతిశాస్త్రం.

ఇక్కడి దాకా చెప్పినవి అంకెల్లో దాగిన తీర్పులు. ఇంకోరకం ఉంది, అది మనుషుల్లోకి దూరుతుంది. గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని చదివి రాయి తన దారి మార్చుకోదు. మనుషులు మార్చుకుంటారు.

ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో పది డే కేర్ కేంద్రాల మీద చేసిన ప్రయోగం 2000లో అచ్చయింది. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వస్తున్నారు. నాలుగు వారాలు ఊరికే గమనించి, అయిదో వారం నుంచి ఆరు కేంద్రాల్లో పది నిమిషాలకు మించి ఆలస్యమైతే 10 షెకెళ్ల జరిమానా పెట్టారు. వెల పెరిగితే వాడకం తగ్గాలి. ఆలస్యాలు పెరుగుతూ పోయి దాదాపు రెట్టింపు దగ్గర నిలిచాయి. జరిమానా లేనప్పుడు టీచర్‌ని నిలబెట్టడం తప్పుగా అనిపించేది. జరిమానా వచ్చాక అది కొనుక్కోగల సేవ అయింది, అదీ చవగ్గా. నాకు ఎక్కువ బాధ కలిగించేది తర్వాతి సంగతి. పదిహేడో వారంలో జరిమానా ఎత్తేశారు. ఆలస్యాలు తగ్గలేదు. వెల పోయింది, మొహమాటం తిరిగి రాలేదు. ప్రోత్సాహకాలతో విధానాలు రాసేవాళ్లు ముందుగా అడగాల్సింది ఇదే: ఇది పనిచేయకపోతే వెనక్కి తీసుకోగలమా?

మార్కెట్లలోనూ ఇదే జరుగుతుంది. ఒక షేరును ముందే ఒప్పుకున్న ధరకి తర్వాత కొనే లేదా అమ్మే హక్కును ఆప్షన్ అంటారు. ఆప్షన్ల ధరకి బ్లాక్, షోల్స్, మెర్టన్ అనే అర్థశాస్త్రవేత్తలు 1973లో సూత్రం ఇచ్చారు, అదే ఏడాది ఏప్రిల్‌లో షికాగోలో ఆప్షన్ల ఎక్స్ఛేంజి తెరిచింది. మొదట్లో ధరలు సూత్రానికి అంతగా సరిపోలేదు. వ్యాపారులు సూత్రం లెక్కగట్టిన ధరల కాగితాలు చేతిలో పెట్టుకుని కొనడం, అమ్మడం మొదలుపెట్టాక ధరలు దానికి దగ్గరపడ్డాయి. సిద్ధాంతం నిజమైందని లెక్కలు చెప్పాయి. 1987 అక్టోబర్ 19న అమెరికా డౌ జోన్స్ సూచీ ఒక్కరోజులో 22.6 శాతం కూలింది. ఆ తర్వాత ధరలు మళ్లీ సూత్రం నుంచి పక్కకి తప్పుకున్నాయి, అలాగే ఉండిపోయాయి. డొనాల్డ్ మెకెంజీ అనే సామాజిక శాస్త్రవేత్త దీన్ని వివరంగా పరిశోధించాడు. నమూనా ప్రపంచాన్ని వర్ణించిందా, తయారుచేసిందా అన్న ప్రశ్న ఇక్కడ మాటల గారడీ కాదు, ధరల పట్టికలో కనిపించే సంగతి.

ఇక ఏదైనా ఆర్థిక నివేదిక చేతికొస్తే ఎక్కడ మొదలుపెట్టాలి? నేను సారాంశం వదిలేసి డిస్కౌంట్ రేటు వెతుకుతాను. 70ని ఆ రేటుతో భాగిస్తే ఎన్నేళ్లలో విలువ సగమవుతుందో తెలుస్తుంది. 7 శాతమైతే పదేళ్లకి, 1.4 శాతమైతే యాభై ఏళ్లకి. ఖర్చంతా మొదటి అయిదేళ్లలో, ప్రయోజనం ముప్ఫై ఏళ్ల తర్వాత ఉన్న పని 7 శాతం దగ్గర నెగ్గడం చాలా కష్టం. మేలు ముందు, నష్టం వెనక ఉన్న పని తేలిగ్గా నెగ్గుతుంది. గనులకీ అడవులకీ తేడా చాలాసార్లు ఇదే. రేటు మారిస్తే ఫలితం ఎలా మారుతుందో చూపే పట్టిక ఉంటే సంతోషించాలి, లేకపోతే కాగితం మీద మనమే వేసుకోవచ్చు, కాలిక్యులేటర్ చాలు. ఆ తర్వాత పోలిక దేనితో అని చూడాలి. "ఈ విధానం లేకపోతే" అన్న ఊహాలోకంలో ఏం జరుగుతుందని అనుకున్నారో అందులో సగం జవాబు ఉంటుంది. సగటు ఒక్కటే ఇస్తే నమ్మకూడదు. ఆదాయ వర్గాల వారీగా విడదీసి అడగాలి. జీడీపీ పెరుగుదలనే జనం బాగోగులుగా చూపిస్తే, ఆ లెక్కకి రూపం ఇచ్చిన సైమన్ కుజ్నెట్స్ 1934లోనే జాతీయాదాయం నుంచి దేశ సంక్షేమాన్ని అంచనా కట్టలేమని అమెరికా సెనెట్‌కి రాసిచ్చాడని గుర్తుచేసుకుంటే చాలు. ఇంకో చోట, ఇంకో దశాబ్దంలో కొలిచిన స్థితిస్థాపకతను (ధర మారితే వాడకం ఎంత మారుతుందన్న అంకెను) తెచ్చి ఇక్కడ అతికించడం మాత్రం చాలా మామూలు పొరబాటు, ఎంత మామూలంటే ఎవరూ దాన్ని పొరబాటుగా కూడా చూడరు.

శాస్త్రం తన ఇల్లు సర్దుకోవడం లేదని అనలేం. 2015లో ఆండ్రూ చాంగ్, ఫిలిప్ లీ 67 పత్రాల్ని తీసుకుంటే, రచయితల సాయం లేకుండా ఫలితం తిరిగి రాబట్టగలిగినవి 22. మరుసటి ఏడాది 18 ప్రయోగశాల పరీక్షల్ని మళ్లీ చేస్తే 11 నిలబడ్డాయి. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ 2018లో డేటా ఎడిటర్‌ని నియమించింది. 2019 నుంచి దాని పత్రికల్లో పత్రం అంగీకరించేముందు రచయితల ప్రోగ్రామ్‌ని నడిపి, పట్టికల్లోని అంకెలు నిజంగా వస్తున్నాయో లేదో చూస్తారు. ఎల్ 44 దగ్గర ఆగిన ఫార్ములా లాంటిది ఇప్పుడైతే అక్కడే దొరికే అవకాశం ఉంది. కాలాభిమతం 0.1 అని రాసిన ఫైలు మాత్రం ఆ తనిఖీలో నెగ్గుతుంది. 1.5 అని రాసిన ఫైలూ నెగ్గుతుంది.